మూడో కాయిలు

షెడ్డులో పనిచేసే మగవాళ్ళు ఇద్దరు. చేతులు నాలుగు ఉన్నాయి గానీ నోరు మాత్రం ఒక్కటే. ఆ నోరు షెడ్డక్కది.

పెద్దవాడు ఆమె మొగుడు. అందరూ మేస్త్రి అంటారు. చిన్నవాడు ఆమె సొంత తమ్ముడు. బావా బావమరుదులు ఒకరితో ఒకరు మాట మానేసి ఎండాకాలం మొత్తం గడిచిపోయింది, వానలు కూడా మొదలయ్యాయి. ఒకే రేకుల కప్పు కింద, ఒకే బోనెట్ లోకి తలలు దూర్చి, మోచెయ్యి మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడి కూడా, "పన్నెండో నంబరు పానా ఇమ్మని మీ తమ్ముడికి చెప్పు" అంటాడు మేస్త్రి. పానా తమ్ముడి చేతిలోనే ఉంటుంది. మాట చెవిన పడనే పడింది. అయినా కదలడు. అద్దాల గదిలోంచి షెడ్డక్క, "ఒరేయ్, పన్నెండో నంబరటరా" అన్నాక అప్పుడు కదులుతాడు. అప్పుడైనా బావ చేతిలో పెట్టడు, బండి అంచు మీద పెట్టి పక్కకు జరుగుతాడు.

చూసేవాళ్ళకి ఇదో వినోదం. బండి బాగుకి వచ్చినవాళ్ళు టీ తాగుతూ ముసిముసిగా నవ్వుకునేవారు. మొదట్లో షెడ్డక్కకీ నవ్వే వచ్చేది. కొన్నాళ్ళకి కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ రావడం లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తేటప్పటికే ఒళ్ళు బరువుగా ఉంటోంది, అంతే.

ఆమె అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. పెళ్ళయిన కొత్తలో, తల్లీ తండ్రీ పోయిన తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఈ షెడ్డుకి వచ్చింది. వాడికప్పుడు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాదు. మేస్త్రి ఒక్క మాటైనా అనలేదు. పాత సీటు ఒకటి విప్పి గోడ వారగా వేసి, "ఇది నీ మంచం" అన్నాడు. పానాల నంబర్లతోనే వాడికి అంకెలు నేర్పించాడు. షెడ్డక్క నేర్పింది మాత్రం ఒకటే. ఎక్కడ తీసింది అక్కడ పెట్టరా, ఎక్కడ తీసింది అక్కడ పెట్టరా అని పొద్దస్తమానం చెవినిల్లు కట్టుకుని పోరింది. వాడి ఒంట్లో అది జీర్ణించుకుపోయింది. ఇప్పుడు ఏ బండి విప్పినా తెల్ల రంగు డబ్బా, సన్నటి కుంచె దగ్గర పెట్టుకుంటాడు. ఒకటో సిలిండరు సామాను మీద ఒక చుక్క, రెండోదాని మీద రెండు, మూడోదాని మీద మూడు. ఆ చుక్కలు మేస్త్రికి ఒళ్ళు మంట. ఏనాడూ వాటి వంక చూసిన పాపాన పోలేదు.

మాట పోయింది కూడా అలాంటి చిన్న సంగతి దగ్గరే. తమ్ముడు స్కానర్ మిషను కొన్నాడు. బండికి వైరు తగిలిస్తే జబ్బు ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. దాన్ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చి, బావకి చూపించాలని పొద్దున్నుంచీ తచ్చాడాడు. మేస్త్రి నలుగురు బేరగాళ్ళ ముందు పకపకా నవ్వి, "చేతిలో పని లేనోడికి చేతిలో పెట్టె కావాలి మరి" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు మిషను మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు. ఆ మధ్యాహ్నం నుంచి బావతో మాట్లాడలేదు. మేస్త్రి, వాడికే అంత ఉంటే నాకెంత ఉండాలని తనూ మానేశాడు. ఇద్దరూ పంతాలకి పోతే మధ్యలో దొరికింది షెడ్డక్క.

అలాంటి రోజుల్లో డ్రైవింగు టీచరమ్మ కారు వచ్చింది. చిన్న కారే, బాగా పాతది, నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకున్నది. నేర్చుకునేవాళ్ళందరి చేతుల్లో పడి గేర్లు అరిగి ఉన్నాయి గానీ ఇంజను మాత్రం ఈ షెడ్డు చేతిలోనే పెరిగింది.

"మిస్సింగ్ కొడుతోంది అక్కా" అంది టీచరమ్మ. "పొద్దున తీసినప్పుడు బానే ఉంటుంది. వేడెక్కాక మొదలు. సిగ్నల్ దగ్గర ఆగితే కారంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నిన్న ఒకమ్మాయి భయపడి దిగి వెళ్ళిపోయింది. మూడు రోజుల్లో నా దగ్గర నేర్చుకునే పిల్లలకి లైసెన్సు పరీక్ష ఉంది. నాకున్నది ఈ ఒక్క బండే."

ఇద్దరూ చూశారు, ఎవరి దారిన వాళ్ళు. తమ్ముడు మిషను తగిలించి చూసి, గదిలోకొచ్చి, "మూడో సిలిండరు అక్కా, బావకి చెప్పు" అన్నాడు. ఆమె చెప్పేలోపే మేస్త్రి తన పద్ధతిలో తను చూసుకున్నాడు. ఆయన పద్ధతికి మనిషి తోడు కావాలి. షెడ్డక్క డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను ఆన్ చేసి ఉంచాలి. ఆయన ఒక్కో సిలిండరుకీ ఒకటి చొప్పున ఉన్న కాయిళ్ళ మీది వైర్లు ఒక్కొక్కటీ ఊడదీసి చెవి ఒగ్గుతాడు. ఒకటోది పీకాడు, ఇంజను కుంటింది. పెట్టాడు, సర్దుకుంది. రెండోదీ అంతే. నాలుగోదీ అంతే. మూడోది పీకితే ఏమీ కాలేదు. ముందెంత వణుకుతోందో అంతే వణికింది. పీకినా తేడా తెలియనిదే పని చెయ్యనిదన్నమాట. అక్కడ పెట్రోలు పడుతోంది గానీ అంటుకోవడం లేదు. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

"మూడోదని మీ తమ్ముడికి చెప్పు" అన్నాడు మేస్త్రి, తనేదో గెలిచినట్టు.

"వాడూ అదే చెప్పమన్నాడు" అంది ఆమె.

ఇద్దరికీ రుచించలేదు. ఒకే జబ్బు ఇద్దరూ పట్టుకోవడం ఇద్దరికీ నామోషీ అయిపోయింది.

సిలిండరు తెలిసింది గానీ కారణం తెలియాలి. మేస్త్రి ప్లగ్గు మార్చి చూశాడు, గుణం లేదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును పక్కదానితో మార్చి చూశాడు, మార్పు లేదు. ఇక నిప్పు పుట్టించే కాయిలు మిగిలింది.

మర్నాడు పొద్దున, మేస్త్రి ఇంకా రాకముందు, తమ్ముడు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాడు ఆ గదిలో కూర్చోవడం అరుదు. చేతులు బట్టతో తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అక్కా, ఒకటో తారీకు నుంచి నేను వేరే షెడ్డు చూసుకుంటున్నాను. బైపాస్ పక్కన ఖాళీ ఒకటుంది. బావకి చెప్పు."

షెడ్డక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "నువ్వే చెప్పొచ్చు కదరా."

"నాతో మాట్లాడడు కదా."

"నువ్వు మాట్లాడతావా?"

వాడు లేచి వెళ్ళిపోయాడు. పానా ఇమ్మని చెప్పడం ఒకటి, ఇది ఒకటి. ఈ మాట తన నోటితో మొగుడికి చెబితే, విడదీసింది తనే అవుతుంది. చెప్పకపోతే, దాచింది తనే అవుతుంది. ఒకటో తారీకు ఎంతో దూరంలో లేదు. వాడు వెళ్ళిపోతే ఈ షెడ్డులో మిగిలేది ఒక మొండి మనిషీ, ఆయన ఎదురుగా అద్దం వెనక తనూ.

ఆమె ఇలా ఆలోచిస్తుండగానే మేస్త్రి వచ్చాడు, బోనెట్ ఎత్తాడు, ఏదో పీకి ఏదో పెట్టాడు. ఇంతలో ఫోను. చౌరస్తాలో ఎవరిదో వ్యాను ఆగిపోయిందట. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని గది గుమ్మం దగ్గర ఆగాడు.

"మూడోదాని కాయిలు తీసి ఒకటోదాంట్లో పెట్టాను. ఒకటోదానిది మూడోదాంట్లో పెట్టాను. నేనొచ్చి వేడి చేసి చూస్తాను. మిస్సింగ్ ఒకటోదాంట్లోకి వస్తే కాయిలే పోయినట్టు. మూడోదాంట్లోనే ఉంటే కాయిలు మంచిదే, రోగం లోపలున్నట్టు. ముట్టుకోవద్దని మీ తమ్ముడికి చెప్పు."

ఆమె తలూపింది. ఆయన వెళ్ళిపోయాడు.

తమ్ముడు స్పేర్ పార్టుల కొట్టు నుంచి తిరిగొచ్చాడు. ఎత్తి ఉన్న బోనెట్ చూసి అటు వెళ్ళాడు. అద్దంలోంచి వాడి వంగిన వీపు కనిపిస్తూనే ఉంది. లేచి నాలుగడుగులు వేసి చెబితే సరిపోయేది. కూర్చున్నచోటు నుంచి కేక వేసినా సరిపోయేది. ఆమె నోరు తెరిచింది కూడా. తెరిచాక, లోపల పొద్దుటి మాట అడ్డం పడింది. ఇది చెబితే దాని వెనకే అది కూడా చెప్పాలనిపించింది. ఛీ, నా వల్ల కాదు, అనుకుంది. కావాలంటే వాళ్ళే అడుగుతారు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి వాళ్ళనే అడుక్కోనీ. బల్ల మీద తల వాల్చుకుని కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చి ఆమెను సీట్లో కూర్చోబెట్టి ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పించాడు. వణుకు మొదలైంది. వైర్లు పీకి చూశాడు. మూడోదే. ఆయన మొహం వాడిపోయింది.

"కాయిలు కాదు. రోగం లోపలే."

మూడోదాంట్లో ఒత్తిడి కొలిచాడు. మిగతా వాటికంటే ఒక పిసరు తక్కువ చూపించింది. అంత పాత బండికి అది వింతేమీ కాదు. వేరే రోజైతే ఆయనే తీసి పారేసేవాడు. కానీ మిగతావన్నీ అయిపోయాక మనిషి దొరికినదాన్నే పట్టుకుంటాడు. "వాల్వు కాలి గాలి కారుతోంది. హెడ్డు విప్పాలి" అన్నాడు. ఆ అనడంలోనే అలసట వినిపించింది. హెడ్డు విప్పడమంటే ఇంజను తలకాయ తియ్యడం. బెల్టు విప్పాలి, పైపులు విప్పాలి, బోల్టులు ఒక వరసలో వదులు చెయ్యాలి, మళ్ళీ అన్నీ అదే వరసలో బిగించాలి. ఆయన నడుము ఈమధ్య వంగితే లేవనంటోంది.

మర్నాడు పొద్దున తమ్ముడు రాలేదు. కొత్త షెడ్డు చూడ్డానికి వెళ్ళాడని ఆమెకి ఒక్కదానికే తెలుసు. మేస్త్రి ఒక్కడే విప్పాడు. "వీడెక్కడికి పోయాడు?" అని ఒకసారి అడిగాడు. ఆమె ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించింది. ఆయన మూలుగుతూ, ఆగుతూ, నడుం మీద చెయ్యి వేసుకుంటూ హెడ్డు ఎత్తి బల్ల మీద పెట్టాడు. పెట్టాక బల్లని పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

వాల్వులు చూశాడు. తిప్పి చూశాడు. వెలుతురులోకి పట్టుకుని చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. నల్లగా మసి పట్టి ఉన్నాయి గానీ ఒక్కటీ కాలలేదు.

తమ్ముడు వచ్చేసరికి ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు. తమ్ముడు బల్ల మీది హెడ్డును చూసి నిలువుగుడ్లు వేసుకుని, గదిలోకి వచ్చాడు.

"హెడ్డెందుకు విప్పాడక్కా? బావకి ఈమధ్య ఏమీ ధ్యాస ఉండట్లేదు. నిన్న చూడు, కాయిళ్ళు తారుమారు చేసి పెట్టాడు. మూడు చుక్కలది ఒకటోదాంట్లో ఉంది. నేనే చూసి ఎక్కడివక్కడ పెట్టాను."

షెడ్డక్కకి అంతా వరసగా కళ్ళ ముందుకొచ్చింది. మార్చి పెట్టినదాన్ని వీడు తిరిగి మార్చాడు. అందుకే మిస్సింగ్ కదల్లేదు. చెడిన కాయిలు చెడ్డచోటే ఉండిపోయింది. ఆయన నడుం విరిగింది ఊరికే. వీడి చేత అలా పెట్టించింది ఎవరు? ఎక్కడ తీసింది అక్కడ పెట్టమని చిన్నప్పటి నుంచీ పోరిందీ తనే, ముట్టుకోవద్దన్న మాట మింగేసిందీ తనే. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

మింగి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. మేస్త్రి తన చెవినే అనుమానించుకుంటూ హెడ్డు బిగిస్తాడు. ఆమె లేచింది. గదిలోంచి బయటికొచ్చి, బండి దగ్గర ఇద్దరి మధ్యా, రోజూ మాటలు అందించే చోటే నిలబడింది. మేస్త్రి బట్టతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇద్దరూ వినండి. ఇది చివరిసారి చెప్పడం. కాయిళ్ళు మార్చాను, ముట్టుకోవద్దని చెప్పమన్నారు మీరు. నేను వీడికి చెప్పలేదు. వీడు చుక్కలు చూసి మళ్ళీ సరిగ్గా పెట్టేశాడు. ఆ మూడు చుక్కల కాయిలే పోయింది. హెడ్డుకేం కాలేదు."

మేస్త్రి చేతిలో బట్ట ఆగిపోయింది.

"ఇంకోటి. ఒకటో తారీకు నుంచి వేరే షెడ్డు పెట్టుకుంటున్నానని మీకు చెప్పమన్నాడు వీడు. అదీ చెప్పలేదు. రెండు మాటలూ నా దగ్గరే ఉండిపోయాయి. ఇక నేను మొయ్యలేను. ఎవరివి వాళ్ళు తీసుకోండి."

బయట ఎవరిదో హారన్ మోగి ఆగిపోయింది. తమ్ముడు తల వంచుకున్నాడు. మేస్త్రి వాడి వంక చూశాడు. చూడకుండా చూడ్డం అలవాటైపోయిన మనిషి కదా, సూటిగా చూడ్డం ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది. తర్వాత ఆమె వైపు తిరిగి, "మీ తమ్ముడికి చెప్పు..." అన్నాడు.

ఆమె కదల్లేదు. "చెప్పను" అంది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

వెళ్ళి గదిలో కూర్చుని తలుపు దగ్గరగా వేసుకుంది. ఏడవాలనుకుంది గానీ ఏడుపు రాలేదు. ఒక్క ఆవలింత వచ్చింది.

తెల్లారితే పరీక్ష, టీచరమ్మ బండి సాయంత్రానికి కావాలి. హెడ్డు ఒక్కడు విప్పొచ్చు గానీ బెల్టు ఒక్కడు ఎక్కించలేడు. పైన చక్రం మీద ఒక గీత ఉంటుంది, కింద చక్రం మీద ఒక గీత. రెండూ వాటి గుర్తులకి ఎదురుగా ఉండేలా ఒకడు పానాతో బిగపట్టి ఉంచాలి, రెండోవాడు బెల్టు ఎక్కించాలి. ఒక పన్ను జారినా ఇంజను పాడవుతుంది. పైనున్నవాడికి కింద గీత కనిపించదు, కిందున్నవాడికి పైది కనిపించదు. చెప్పుకోవాలి.

హెడ్డు కూర్చోబెట్టి బోల్టులు బిగించేదాకా ఇద్దరూ మూగనోము పట్టినట్టే లాక్కొచ్చారు. బెల్టు దగ్గర పని ఆగింది. మేస్త్రి అలవాటుకొద్దీ అద్దం వైపు చూశాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. కింద ఆయన పానాతో చక్రం బిగపట్టి ఉన్నాడు, పైన తమ్ముడు బెల్టు పట్టుకుని ఉన్నాడు. ఎంతసేపని పట్టుకుంటాడు.

"పైది పట్టుకో" అన్నాడు చివరికి, చక్రంతో అన్నట్టు.

"ఎటు తిప్పి పట్టుకోను?" అన్నాడు తమ్ముడు, బెల్టుతో అన్నట్టు.

"నీ వైపు. ఇంకాస్త. ఇంకాస్త అంటే అంత కాదు."

"ఇంకాస్తంటే ఎంతో నువ్వు చెబితే కదా తెలిసేది."

"గీత కనబడట్లేదా నీకు?"

"పైనుంచి నాకెలా కనబడుతుంది బావా, నువ్వు తలకాయ అడ్డం పెడితే?"

ఆ తర్వాత ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఎండాకాలమంతా దాచుకున్నవన్నీ బెల్టు మీద పెట్టి తిట్టుకున్నారు. షెడ్డక్క విన్నది. ఒక్క మాటా ఎవరికీ అందించే పని లేకుండా, కాళ్ళు చాపుకుని విన్నది. ఆమె ప్రాణానికి అది హాయిగా ఉంది.

కొత్త కాయిలు మూడోదాంట్లో కూర్చుంది. దాని మీద తమ్ముడు మూడు చుక్కలు పెడుతుంటే మేస్త్రి చూస్తూ నిలబడ్డాడు. ఇంజను తిప్పాలి. షెడ్డక్క వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. అది ఆమె పనే, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాళం తిప్పగానే ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. నాలుగూ సమంగా పలికాయి. కానీ ఇప్పుడే నమ్మడానికి లేదు. ఈ రోగం వేడెక్కాకే బయటపడేది. బాగా వేడెక్కేదాకా ఆగాలి.

ఆమె సీటు వెనక్కి వాల్చుకుంది. కిందనుంచి సన్నటి అదురు ఒంట్లోకి పాకింది, కుంటు లేని అదురు. కళ్ళు మూసుకుంది. కిటికీ అద్దం దించే ఉంది. మగవాళ్ళిద్దరూ బోనెట్ కి చెరోపక్క నిలబడ్డారు.

"ఒకటో తారీకేనా?" మేస్త్రి గొంతు.

"అవును బావా. అడ్వాన్సు ఇచ్చేశాను."

మేస్త్రి వంగి వైర్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"ఆ పెట్టె సంగతి..." అన్నాడు మేస్త్రి. ఆగాడు. "నలుగురి ముందూ అలా అనకుండా ఉండాల్సింది."

"అన్నందుక్కాదు బావా. నీకే ముందు చూపిద్దామని తెచ్చాను."

"ఊఁ."

"కొత్త షెడ్డులో నాకు పైనుంచి పట్టుకునేవాళ్ళుండరు. బెల్టు పని వస్తే నీ దగ్గరికే తెస్తాను."

"తేక ఇంకెక్కడికి తీసుకుపోతావు."

అంటే వెళ్ళడం ఖాయమే. వాడు వెళ్ళిపోతున్నాడు, షెడ్డక్క చేతుల్లో పెరిగినవాడు. ఆమె మూసిన రెప్పల కింద తడి ఊరింది. అయినా, ఆ మాట వాడు వాడి నోటితోనే చెప్పాడు. ఆయన ఆయన చెవితోనే విన్నాడు.

ఇంజను వేడెక్కింది. వణుకు రాలేదు. మేస్త్రి వైర్లు వరసగా పీకుతుంటే ఒక్కోసారీ ఇంజను కుంటి, పెట్టగానే సర్దుకుంటోంది. మూడోది పీకినప్పుడు అన్నిటికంటే గట్టిగా కుంటింది.

"యాక్సిలరేటర్ కాస్త తొక్కమని మీ అక్కకి చెప్పు" అన్నాడు మేస్త్రి.

తమ్ముడు కిటికీలోకి వంగాడు. నూనె, సబ్బు కలిసిన వాడి చేతుల వాసన ఆమె మొహం మీదికొచ్చింది. కాసేపు అలాగే ఉండి వెనక్కి తగ్గాడు.

"నిద్రపోయింది బావా."

"అయితే వద్దులే. పడుకోనీ."

షెడ్డక్క కళ్ళు తెరవలేదు.